కొండమీది గిడ్డంగులు

మన సంఘమువారు ఈ సంచికకు ఒక వ్యాసము వ్రాసి యిమ్మని కోరినప్పుడు నేను చాల సంకోచించితిని. నేను పండితుడను గాను. పూర్వపు పదునొకండవ తరగతి పరీక్ష తెలుగులో వ్రాసి నెగ్గి, హోసూరు ప్రాంతమున ఒక ధాన్యపు గిడ్డంగిలో ముప్పదియైదేండ్లు గుమాస్తాగా లెక్కలు వ్రాసి, విశ్రాంతి పొందినవాడను. పద్యములను గూర్చి గాని శాసనములను గూర్చి గాని వ్రాయుటకు ఈ సంచికలో నాకంటె అర్హులు పెక్కుమంది కలరు. నాకు తెలిసినది నిల్వయు, తూకమును, తరుగును మాత్రమే. కావున నేను ఒక గిడ్డంగుల నగరమును గూర్చి వ్రాయదలచితిని. ఆ నగరము మన దేశమున లేదు. సముద్రముల కావల, దక్షిణ అమెరికా ఖండమున, పెరూ దేశపు కొండలమీద కలదు. అంత దూరపు ఊరితో హోసూరు గుమాస్తాకు ఏమి పని యని మీరు అడుగవచ్చును. ఓపికతో తుదివరకు చదివినచో ఆ పని యేమో తెలియగలదు.

రెండేండ్ల క్రిందట వేసవి సెలవులకు మా పెద్దమ్మాయి కూతురు మా యింటికి వచ్చెను. ఆ పిల్ల బెంగుళూరులో చరిత్ర చదువుచున్నది. తెలుగు చక్కగా మాటలాడును గాని చదువనేరదు. కన్నడమును, ఇంగ్లీషును మాత్రమే చదువును. ఒకనాటి మధ్యాహ్నము వసారాలో కూర్చుండి లావుపాటి పుస్తకమొకటి తిరగవేయుచుండగా, "ఏమమ్మా చదువుతున్నావు?" అని అడిగితిని.

"ఇన్కావాళ్ళ గురించి తాతా" అనెను.

"సరేనమ్మా, ఇంకా ఎవరి గురించి?" అంటిని.

పిల్ల పడిపడి నవ్వెను. ఇన్కా యనునది ఒక రాజవంశపు పేరట! ఇంటిల్లిపాదియు ఆ మాటకు రెండు దినములు నవ్విరి. నా అజ్ఞానము తీర్చుటకై ఆమె ప్రతిదినమును భోజనానంతరము ఆ పుస్తకము చదువుచు, తెలుగున నాకు చెప్పసాగెను. నా ఇంగ్లీషు మెట్రిక్యులేషను ఇంగ్లీషు. అయినను మెల్లమెల్లగా పట్టుబడినది. తరువాత నేనును ఆ విషయమై దొరకినవన్నియు కూడబలుకుకొని చదివితిని. అట్లు తెలిసికొన్నదే ఇచట వ్రాయుచున్నాను.

పెరూ దేశమున ఆండీస్ పర్వతములు ఉత్తర దక్షిణములుగా గోడవలె నిలిచియున్నవి. 15వ శతాబ్దమున కుస్కో అను నగరము రాజధానిగా ఇన్కా ప్రభువులు ఆ పర్వతములమీద మహాసామ్రాజ్యమును నిర్మించిరి. దానికి వారు పెట్టుకొన్న పేరు తవంతిన్సుయు, అనగా నాలుగు దిక్కుల భాగముల కూడిక. వారికి గుర్రము లేదు, బండి లేదు, ఇనుము లేదు, మన మెరిగిన వ్రాత లేదు. బరువులు మోయుటకు లామా అను చిన్న జంతువును, మనిషి వీపును మాత్రమే కలవు. అయినను కొండలమీదుగా వేలకొలది మైళ్ళు రాజమార్గములు వేసిరి. ఆ బాటలను 2014 వ సంవత్సరమున ఐక్యరాజ్యసమితి విద్యా సాంస్కృతిక సంస్థ ప్రపంచ వారసత్వ సంపదగా గుర్తించినది.

కుస్కోనుండి ఉత్తరమున కీటో నగరమునకు పోవు ఆ రాజమార్గముమీద కట్టిన రాష్ట్రనగరములలో ఒకటి హువానుకో పంపా. పంపా యనగానే మనవారికి హంపీయు, పంపాసరస్సును స్మరణకు వచ్చును. దానికిని దీనికిని సంబంధము లేదు. అచటి కెచువా భాషలో పంపా యనగా చదునైన మైదానము. సముద్రమట్టమునకు 3,600 మీటర్లకు పైగా ఎత్తున నున్న ఆ మైదానములో, సుమారు రెండు చదరపు కిలోమీటర్ల మేర, 4,000 కట్టడముల వరకు ఆనవాళ్ళు కనబడుచున్నవి. మొక్కజొన్న పండుటకు సైతము ఆ చోటు మిక్కిలి చల్లన. చుట్టును గడ్డి తప్ప మరేమియు లేని అట్టిచోట అంత నగర మెట్లు వెలసినది? ఎవరు కట్టిరి? ఏమి తిని బ్రదికిరి?

ఈ ప్రశ్నలకు సమాధానము వెదకినవారిలో మొదట చెప్పదగినవాడు జాన్ మర్రా. ఆయన 1916 వ సంవత్సరమున ఒడెస్సాలో పుట్టి, రుమేనియాలో పెరిగి, 1934 లో అమెరికా చేరి, అచటనే స్థిరపడినవాడు. మనవలెనే పుట్టుక ఒకచోట, బ్రతుకు మరియొకచోట. ఆయన నాయకత్వమున 1963 మొదలు 1966 వరకు హువానుకో ప్రాంతమున ఇన్కాల కాలపు పల్లెబ్రతుకును గూర్చి పెద్ద పరిశోధన జరిగినది. ఆ బృందములో చేరిన యువకుడు క్రెయిగ్ మోరిస్. గిడ్డంగులను గూర్చియే పరిశోధనా వ్యాసము వ్రాసి 1967 లో షికాగో విశ్వవిద్యాలయమున డాక్టరు పట్టము పొందినాడు. గిడ్డంగులకును డాక్టరు పట్టమున్నదని నాకు అంతవరకు తెలియదు! తరువాత 1970 ల దశకమున ఆయన మరల పోయి ఆ నగరమున విస్తారముగా త్రవ్వకములు జరిపెను. ఆయనయు, డొనాల్డ్ థాంప్సన్ అను మరియొక శాస్త్రజ్ఞుడును కలిసి 1985 లో ఆ నగరమును గూర్చి పుస్తకము ప్రకటించిరి. మర్రాయు, మోరిసును ఇరువురును 2006 వ సంవత్సరముననే గతించిరి.

త్రవ్వకములని వినగానే బంగారపు బిందెలు దొరకినవేమో యని నేను ఆశించితిని. దొరకినవి కుండపెంకులు. ఏ యింట ఏ పెంకులు ఎన్ని దొరకినవో ఒక్కొక్కటిగా లెక్కించి వ్రాసికొనుటయే వారి పని. అది చదివినప్పుడు ఆ శాస్త్రజ్ఞులమీద నాకు గౌరవము హెచ్చినది. గుమాస్తా పని గుమాస్తాకు తెలియును గదా!

నగరము నడుమ ఒక మైదానమున్నది. దాని పొడవు 500 మీటర్లు దాటినది. వెడల్పు 350 మీటర్లు దాటినది. దాని మధ్య చెక్కిన రాళ్ళతో కట్టిన ఎత్తైన అరుగు; దానిని ఉష్నూ అందురు. రాచకార్యములు, పూజలు ఆ అరుగుమీద జరిగెడివి. మైదానమునకు తూర్పుదిక్కున రెండు పెద్ద చావళ్ళు, వాని నడుమనుండి ప్యూమా అను అడవిమృగపు బొమ్మలు చెక్కిన రాతి వాకిళ్ళు ఒకదాని వెనుక నొకటిగా రాజుగారి విడిదికి దారితీయును. ఉత్తరమున చుట్టును గోడ పెట్టిన ఒక ఆవరణ, లోన ఒకే తీరుగా వరుసలు తీర్చిన 50 ఇండ్లు, లోనికి పోవుటకు ఒకే దారి. అందు దొరకినవి నూలు వడకు కదురుల బిళ్ళలు, నేతకు వాడిన ఎముక పనిముట్లు, మరియు పెద్దపెద్ద కాగుల పెంకులు. అక్లాలు అనబడు స్త్రీలు అచట కాపలాలో నుండి రాజ్యమునకై బట్టలు నేయుచు, మొక్కజొన్నతో చిచా అను మద్యమును కాచుచుండిరని నిర్ణయించిరి.

అంత మద్యము ఎవరికి? ఇచటనే ఆ రాజ్యతంత్రమంతయు ఉన్నది. ఆ రాజ్యములో పన్ను ధనరూపమున లేదు. ఊరూర ప్రతి యింటివారును వంతులవారీగా వచ్చి రాజ్యమునకు పని చేయవలెను. మన పెద్దలు వెట్టి యనుదానికి అది దగ్గర బంధువు. కాని వెట్టికి లేని మర్యాద యొకటి దానికి కలదు. పనికి వచ్చినవారికి అన్నము పెట్టి, త్రాగుటకిచ్చి, పండుగ చేసి పంపవలసిన బాధ్యత ప్రభువుది. ఆ పెద్ద మైదానము, ఆ చావళ్ళు, ఆ కాగులు ఆ విందులకేనని మోరిస్ తేల్చెను. సేనలు కాపురముండు కోటయని తలంపబడిన నగరము నిజమునకు సత్రమువంటిదై కనబడినది. పనివారు వచ్చెడివారు, పోయెడివారు. స్థిరముగా నుండినవారు తక్కువ.

ఇక గిడ్డంగులు. నగరమునకు దక్షిణమున నున్న కొండవాలుమీద వరుసలు వరుసలుగా రాతితో కట్టిన 497 గిడ్డంగులు. వానిని కొల్కాలు అందురు. అన్నిటిలో కలిపి దాదాపు 38,000 ఘనమీటర్ల సరుకు పట్టును. కొన్ని గుండ్రనివి, కొన్ని దీర్ఘచతురస్రములు. ఈ భాగము చదువుచుండగా మా మనుమరాలు పుస్తకము మూసి నన్ను అడిగెను:

"తాతా, ఊరు మైదానంలో ఉంది కదా. గిడ్డంగులు కొండమీద ఎందుకు కట్టినారు? అంత దూరం మోసుకుపోయేది కష్టం కదా?"

"గాలికమ్మా" అంటిని. "వాలులో కడితే వాననీళ్ళు నిలవవు, పారిపోతాయి. గాలి ఆడితే చెమ్మ పట్టదు. చలి ఎక్కువైతే పురుగు పుట్టదు, దుంప మొలకెత్తదు. మోసేవాడి కష్టం ఒక్కనాటిది తల్లీ. చెమ్మ నష్టం ఏడాదంతా ఉంటుంది."

ఆమె మరల పుస్తకము తెరచి నాలుగైదు పుటలు తిప్పి, నన్ను వింతగా చూచెను. "నువ్వు ఈ పుస్తకం ముందే చదివినావా తాతా?" అనెను. నేను చెప్పినదంతయు అందున్నది. కొండగాలికి ఎదురుగా కట్టుట, లోని వేడిమిని తగ్గించుట, నేలలో నీరు నిలువకుండ దారులు తీయుట, అన్నిటిని మోరిస్ పరీక్షించి వ్రాసినాడు. గుండ్రని గిడ్డంగులలో ఒలిచిన మొక్కజొన్నగింజలు జాడీలలో నుంచిరి. దీర్ఘచతురస్రపు గిడ్డంగులలో బంగాళాదుంపలు మొదలగు దుంపలను గడ్డి పొరల నడుమ పేర్చి, త్రాళ్ళతో మోపులు కట్టి నిల్వ చేసిరి. కాలిపోయిన దుంపలును, గడ్డియు, త్రాటి ముక్కలును అట్లే దొరకినవి.

మన ప్రాంతమున రాగులను పాతరలో వేసి పైన మట్టి కప్పెడివారు. గాలి సోకకున్న రాగి ఏండ్లతరబడి చెడదు. వారు గాలి సోకునట్లు కొండమీద పెట్టిరి. మనవారు గాలి సోకకుండ భూమిలో పెట్టిరి. దారులు వేరయినను ఇరువురి శత్రువును ఒకటే. అది చెమ్మ.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. చెమ్మ అను మాట నా నోటినుండి వెలువడినప్పుడే ముప్పదియేండ్ల నాటి సంగతి యొకటి నా మనస్సులో మెదలినది.

నేను పనిచేసిన గిడ్డంగి పల్లపునేలలో కట్టబడినది. కప్పు రేకులు తుప్పుపట్టి కారుచుండగా, మరమ్మతు చేయింపుడని నేను మూడుమార్లు వ్రాసి పంపితిని. 1991 వ సంవత్సరము కార్తికమాసపు వానలలో ఒకరాత్రి నీరు కారి, దొంతరలోని 64 బస్తాల రాగులు తడిసి బూజుపట్టినవి. అడుగున చెక్కలు పరచియున్నను, పైనుండి వచ్చిన నీటి కవి ఏమి అడ్డము? ఆ రాత్రి కావలివాడును నేనును లాంతరు పట్టుకొని బస్తాలు ఈవలకు లాగితిమి. మా చేతనైనంత లాగితిమి.

కావలివాడు పెద్దవాడు, చదువురానివాడు. తెలుగువాడే. నాకు మొదటినుండియు ఒక అలవాటు కలదు. కార్యాలయపు చిట్టాలో ఏమి వ్రాసినను, ఇంటి పుస్తకములో ఆనాటి సంగతి తెలుగున రెండు పంక్తులు వ్రాసికొనుట. ఆ తెల్లవారుజామున గడప మీద కూర్చుండి వ్రాయుచుండగా, "ఏం రాస్తా ఉండావు సామీ?" అని అతడు అడిగెను. చదివి వినిపించితిని. "కప్పు కారినది. 64 బస్తాలు తడిసినవి. కావలివాడు తెల్లవారువరకు బస్తాలు లాగెను." అతడు తల యాడించి, "రాసిపెట్టుకో" అనెను.

తరువాత పైనుండి వచ్చిన ఆజ్ఞ వేరుగా నున్నది. కప్పు కారినదని చిట్టాకెక్కినచో మరమ్మతు చేయింపనివారు సమాధానము చెప్పవలసివచ్చును. కావున ఎలుకల వలన నష్టమని వ్రాయుమనిరి. వ్రాసితిని. సంతకము చేసితిని. నాకు ఇద్దరు చిన్నపిల్లలు, పర్మనెంటు కావలసిన సమయము. ఎలుకలను అరికట్టుటలో అశ్రద్ధ చూపెనని కావలివాని జీతములో ఆరునెలలు కోత విధించిరి. అతడు నన్ను ఒక్క మాట అనలేదు. ప్రతి సాయంకాలమును ఎప్పటివలెనే తాళపుచెవులు తీసికొనుచు నమస్కరించెడివాడు. ఆ నమస్కారము నాకు మిక్కిలి బరువుగా నుండెడిది.

ఆ పుస్తకము నా పెట్టె అడుగున ఉండిపోయినది. కార్యాలయములో తెలుగు చదువువా రెవరును లేరు. కావుననే అందు నిజము వ్రాయుటకు నాకు ధైర్యము కలిగెనేమో!

మరునాడు మనుమరాలు చదివినది ముడుల లెక్కను గూర్చి. వ్రాత లేని ఆ రాజ్యమున అంత సరుకు, అంతమంది పనివారు, ఎవరు లెక్క చూచిరి? లావుపాటి దారమొకటి అడ్డముగా పట్టుకొని, దానికి వ్రేలాడునట్లు రంగురంగుల సన్నదారములు కట్టి, వానియందు ముడులు వేసెడివారు. దానిని కిపు అందురు. క్రిందికొనను ఒకట్లు, దానిపైన పదులు, ఆపైన నూర్లు, వేలు. సున్న వచ్చినచోట ముడి లేక ఖాళీ వదలుదురు. ఈ పదుల పద్ధతిని లేలండ్ లాక్ అను ఆయన 1912 లో విడదీసి చూపెను. పెరూ తీరప్రాంతమున ఇన్కావాసి అనుచోట గిడ్డంగి గదులలోనే మిరపకాయలు, వేరుశనగలు, చిక్కుడుగింజల నడుమ కిపులు దొరకినవి. సరుకును, దాని చిట్టాయు ఒకేచోట! మన వంటయింటిలోని మిరపయు, వేరుశనగయు, బంగాళాదుంపయు, మొక్కజొన్నయు అన్నియు అమెరికా ఖండములనుండి సముద్రము దాటి మనకు వచ్చినవే యని అప్పుడే నాకు తెలిసినది.

దారపు ముడులలో లెక్క యేమని మా యింటిలో కొందరు నవ్విరి. నేను నవ్వలేదు. మా అవ్వకు ఓనమాలు రావు. పాలవాని లెక్క ఆమె వంటయింటి గోడమీద సున్నపు బొట్లతో పెట్టెడిది. పూటకొక బొట్టు, పాలు రానినాడు ఖాళీ. నెల తిరుగగానే పాలవాడు వచ్చి గోడముందర నిలిచెడివాడు. ఆ గోడమీద వాదము పుట్టినట్లు నేనెరుగను.

ఇన్కాల లెక్కకు వచ్చిన పరీక్ష మరింత గొప్పది. 1532 లో స్పెయినువారు పెరూలో అడుగుపెట్టిరి. రాజు పట్టుబడెను, రాజ్యము కూలెను. పనివారు హువానుకో పంపాకు వచ్చుట మానిరి. 1539 లో స్పెయినువారు ఆ పాతనగరముననే తమ పట్టణమును స్థాపించిరి గాని అచట నిలువలేక, 1541 లో దానిని వెచ్చని లోయలోనికి మార్చుకొనిరి. నేటి హువానుకో పట్టణము అదియే. కొండమీది నగరము శూన్యమైనది. 497 గిడ్డంగులకు కావలి లేదు. తరతరములుగా మనుజులు తమ బ్రతుకుకై కట్టుకొన్న ఊరు కాదది. రాజ్యము ఆజ్ఞాపించి కట్టించినది. ఆజ్ఞ పోగానే ఊరును పోయినది.

కాని ఆ నగరమునకు పనివారిని పంపిన పల్లెలు పోలేదు. నగరమునకు తూర్పున, హువాయాగా నది లోయలో చుపాచులు అను జనులుండిరి. 4,000 ఇండ్లవారని లెక్క. రాజ్యము కూలిన పదునేడేండ్లకు, 1549 లో, స్పెయిను అధికారులు వచ్చి, "మీరు ఇన్కాకు ఏమి యిచ్చెడివారు?" అని విచారించిరి. చుపాచుల పెద్దలు వరుసగా చెప్పిరి. బంగారము తీయుటకు 120 మంది, వెండికి 60 మంది, కుస్కోలో గోడలు కట్టుటకు 400 మంది, మేలిరకపు బట్ట నేయుటకు 400 మంది, తేనెకు 60 మంది, కుండలకు 40 మంది, వడ్రంగమునకు 40 మంది, హువానుకో విడిది కావలికి 68 మంది. ఇట్లు జాబితా సాగినది. ఇది కిపుల ముడులు చూచి చెప్పిన లెక్కయేనని పరిశోధకుల అభిప్రాయము. మరల 1562 లో ఇనీగో ఓర్తీస్ అను అధికారి అదే ప్రాంతమున ఇల్లిల్లు తిరిగి విచారణ జరిపెను. ఆ కాగితములను మర్రా 1967 లోను, 1972 లోను రెండు సంపుటములుగా ప్రకటింపజేసెను. మోరిస్ త్రవ్వినది నగరము. మర్రా చదివినది పల్లెల మాట. రెండును కలిపి చూచినప్పుడే కథ పూర్తియైనది.

నన్ను కదిలించినది ఆ 1549 వ సంవత్సరపు లెక్క. అడుగు రాజు లేడు, తనిఖీ చేయు అధికారి లేడు, జీతము లేదు, పదోన్నతి లేదు. అయినను ఆ లెక్కగాండ్రు ఎవరికొరకు ఆ ముడులు దాచిరి? ఎలుకలని వ్రాయుమన్న వారు వారికిని ఎదురైయుందురేమో, నాకు తెలియదు. తమ జనులు మోసిన బరువు ఎంతయో అంత చెప్పిరి.

ఇంకొక సంగతి మన సంచిక పాఠకుల మనస్సునకు తప్పక తగులును. ఇన్కా ప్రభువులకు ఒక రాజనీతి యుండెను. కొన్ని కుటుంబములను పుట్టిన ఊరినుండి లేవదీసి దూరదేశమున నిలుపుట. అట్టివారిని మిత్మాలు అందురు. సరిహద్దు కోటల కావలికి కొందరిని, క్రొత్త భూముల సేద్యమునకు కొందరిని పంపిరి. ఎంతదూరము పోయినను వారు తమ సీమ దుస్తులు, తలపాగా మార్చుకొనరాదని కట్టడి. 1562 విచారణలో హువానుకో కొండలలో కుస్కోనుండి వచ్చిన మిత్మాల యిండ్లును లెక్కకు వచ్చినవి. తెచ్చిపెట్టిన రాజు గతించి ముప్పదియేండ్లయినను వారు అచటనే యుండిరి.

మన పూర్వులలో కొందరు విజయనగర రాజుల కాలమున, నాయకుల కాలమున దక్షిణమునకు వచ్చి నిలిచినవారు. మరికొందరు ఎచటికిని కదలలేదు. సరిహద్దులే వారిమీదుగా కదలినవి. నేను పుట్టునాటికి మా తాలూకా సేలము జిల్లా. 1965 లో ధర్మపురి జిల్లా. 2004 నుండి కృష్ణగిరి జిల్లా. ఇల్లు మాత్రము అదే యిల్లు. మిత్మాల తలపాగాలను రాజాజ్ఞ కాపాడినది. మన భాషను కాపాడుమని మనకు ఆజ్ఞ యిచ్చినవా రెవరును లేరు. వంటయింటిలోను, జోలపాటలోను, పెండ్లి పిలుపులలోను మనమే నిలుపుకొంటిమి. ఆజ్ఞతో నిలిచినది ఆజ్ఞతో పోవునని హువానుకో పంపా చెప్పుచున్నది. ఇండ్లలో నిలిచినది ఇండ్లున్నంతకాలము నిలుచునని చుపాచు పల్లెలు చెప్పుచున్నవి. కాని ఆ యిండ్లలో దానిని చదువగలవారు ఒక్కరైనను ఉండవలయును గదా!

సెలవులు ముగియు దినములలో నేను పెట్టె తీసి ఆ పాతపుస్తకము మనుమరాలి చేతిలో పెట్టితిని. తిరగవేసి, "ఏం రాసినావు తాతా? నాకు రాదే" అనెను. ఆ మాట నాకు ముల్లువలె గ్రుచ్చుకొన్నది. కార్యాలయమువారు చదువలేరని ధైర్యముతో వ్రాసిన నిజమును నా ఇంటివారును చదువలేరు. ముడులున్నవి; విప్పి చెప్పువారు లేరు. నేను చదివి చెప్పెదనని పుస్తకము తీసికొనబోతిని. ఆమె ఇయ్యలేదు. "నేర్పించు, నేనే చదువుతాను" అనెను. కన్నడము వచ్చినవారికి తెలుగు లిపి ఎంతసేపు? పదిదినములలో అక్షరములు పట్టుకొన్నది. పదునొకండవనాడు, వ్రేలు పెట్టి కూడబలుకుకొనుచు చదివినది: "కప్పు కారినది." తరువాతి పంక్తులును చదివి, సంగతి యేమని అడిగెను. చెప్పితిని. దాచకుండ చెప్పితిని. పిల్ల చాలసేపు మాటలాడలేదు. పిమ్మట, "ఆయన ఉన్నాడా తాతా?" అని మాత్రము అడిగెను.

ఆయన గతించి చాలకాలమైనది. కుమారుడు మా ఊరిలోనే టీ దుకాణము నడుపుకొనుచున్నాడు. మరునాడు ఇరువురమును పోతిమి. అతని ఎదుట కూర్చుండి ఆ పుటను మనుమరాలిచేత చదివించి, చిట్టాలో నేను వ్రాసినదేమో, అతని తండ్రి జీతములో కోతపడినదెట్లో చెప్పితిని. కోతపడిన సొమ్ము లెక్కకట్టి తీసికొనిపోతిని గాని అతడు ముట్టలేదు.

"మా నాయన చెప్పేవాడు సార్" అనెను. "ఎలుకలని వాళ్ళు రాసుకున్నా, గుమాస్తాయన పుస్తకంలో సరిగ్గా రాసి ఉందిరా అని. రాసి ఉంది కదా అనే ఆయన ఊరికే ఉండిపోయినాడు."

నేను ఏమియు అనలేకపోతిని. అతడు మాకు టీ యిచ్చెను. దానికి డబ్బు సైతము తీసికొనలేదు.

సోదర సోదరీమణులారా! పెద్దల ఇండ్లలో ఇట్టి పుస్తకములు ఎన్నియో యుండును. ధాన్యపు లెక్కలు, పెండ్లి చదివింపుల జాబితాలు, వలస వచ్చిననాటి ఊర్ల పేర్లు, అప్పుల పత్రములు. పాతకాగితములవానికి తూకము వేయుటకు ముందు ఒక్కసారి తెరచి చూడుడు. మీకు చదువ వచ్చినచో పిల్లలను ప్రక్కన కూర్చుండబెట్టుకొని వారిచేత చదివింపుడు. మీకును రాకున్న, వచ్చిన పెద్దవారు మన సంఘములోనే కలరు. నేనును ఒకడను, ఏ సాయంకాలమైనను రావచ్చును.

మనుమరాలు ఇప్పుడు బెంగుళూరునుండి నాకు నెలకొక ఉత్తరము తెలుగున వ్రాయుచున్నది. తప్పులుండును. మొన్నటి ఉత్తరమున, వేసవికి మరల వచ్చెదననియు, ఆ పుస్తకములో చదువవలసినది ఇంకా ఉన్నదనియు వ్రాసినది. ఈసారి ఆ మాట నాకు సరిగనే అర్థమైనది.